ఉప్పునీటి సీమలో స్టెయిన్‌లెస్ స్టీలు

ఆవకాయను మన ఇళ్ళల్లో జాడీలోనే పెడతారు. అన్నం, పప్పు, పాలు, మజ్జిగ అన్నీ స్టీలు గిన్నెల్లోకి వచ్చేశాయి గాని ఊరగాయ మాత్రం జాడీ దిగలేదు. ఎందుకని అడిగితే "ఉప్పూ పులుపూ కదరా, స్టీలు పాడవుతుంది" అంటుంది అమ్మమ్మ. లోహశాస్త్రం చదవని ఆవిడకు తెలిసిన ఈ సంగతి, లక్షలు పోసి యంత్రాలు కొనేవాళ్ళకు చాలామందికి పట్టదు. "స్టీలేనండీ, తుప్పు పట్టదు" అని కొట్టువాడు అంటే చాలు, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు.

అసలు స్టెయిన్‌లెస్ స్టీలు అన్నది ఒక లోహం పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ అనే ఆయన, తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు ఆమ్లాలకు తేలిగ్గా లొంగడం లేదని గమనించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలో క్రుప్ కంపెనీవారు క్రోమియంతోపాటు నికెల్ కూడా కలిపిన ఉక్కును తయారుచేశారు. ఉక్కులో క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే దాని పైన కంటికి కనబడని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే. గీత పడినా గాలిలోని ఆక్సిజన్‌తో మళ్ళీ తనంతట తానే పూడుకుంటుంది. స్టీలు గొప్పతనమంతా ఈ పొరదే.

ఈ పొరకు శత్రువు ఉప్పులోని క్లోరైడు. అది పొరను అంతటా కాక ఎక్కడో ఒకచోట పొడుస్తుంది. మామూలు ఇనుము తుప్పుపడితే ఒళ్ళంతా ఎర్రబడి ముందే చెబుతుంది. స్టీలు అలా చెప్పదు. పైన గుండుసూది మొనంత చుక్క కనబడుతుంది, లోపల గొయ్యి తవ్వుకుపోతూ ఉంటుంది. ఒకరోజు ట్యాంకు కారుతుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. తెనాలి కాలవల్లో పారేది కృష్ణ నీరు. అక్కణ్ణించి రేపల్లె వైపుగాని బాపట్ల వైపుగాని సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోర్లలో ఉప్పదనం హెచ్చుతుంది. నిజాంపట్నం, సూర్యలంక చేరేసరికి గాలే ఉప్పగా ఉంటుంది. కాబట్టి తెనాలిలో పదేళ్ళు నిలిచిన పంపు రేపల్లె దాటాక రెండేళ్ళకే చిల్లులు పడితే, తప్పు పంపుది కాదు.

మామూలుగా దొరికే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చల్లని నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడు వరకు దీనికి భయం లేదంటారు. 316లో అదనంగా రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. ఇది సుమారు 1000 వరకు ఓర్చుకుంటుంది. సముద్రపు నీటిలో ఉండేది దాదాపు 19,000! ఇవి మోటు లెక్కలే, నీరు వేడెక్కితే ఇంకా తగ్గించుకోవాలి. ఇంకో తమాషా ఏమంటే, మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో క్లోరైడు 250 లోపు ఉండాలి, గత్యంతరం లేనిచోట 1000 వరకు ఒప్పుకుంటారు. అంటే మనిషి తాగే నీరు 304కు గిట్టకపోవచ్చునన్నమాట.

అలాగని అన్నిటికీ ఖరీదైనదే కొనమని కాదు. పాల సంగతే చూడండి. పాలలోనూ క్లోరైడు తక్కువేమీ కాదు, అయినా డెయిరీల్లో పాల ట్యాంకులు 304తో చేస్తే చక్కగా నిలుస్తాయి. పాలు చల్లగా ఉంటాయి, ట్యాంకు ఖాళీ కాగానే కడుగుతారు. వేడి తగిలే పాశ్చరైజరు పలకలకు మాత్రం 316 వాడడం పరిపాటి. అదే ఉప్పుడు బియ్యం మిల్లులో బోరునీటిని కాచి ధాన్యం నానబెట్టే తొట్టి అయితే లెక్క మారుతుంది. సుమారు 60 డిగ్రీలు దాటిన ఉప్పునీటిలో, బిగువు మీద ఉన్న 304 రేకు అద్దంలా పగుళ్ళిస్తుంది. 316 కూడా దీనికి పూర్తి మందు కాదు. కనుక ముందు నీటిని పరీక్ష చేయించి, తరవాత రేకు కొనాలి.

రొయ్యల హేచరీలకు, నేరుగా సముద్రపు నీరు తోడే పనులకు 316 కూడా చాలదు. అక్కడ 2205 అనే డూప్లెక్స్ రకం ఇంకొంత ఓర్చుకుంటుంది, నిలవనీటిలో అదీ అనుమానమే. నన్నడిగితే అలాంటిచోట గొట్టాలకు ప్లాస్టిక్, నీరు వేడిచేసే చోట టైటానియం మేలు. స్టీలు వాడకపోవడం కూడా ఒక ఎంపికే.

అయస్కాంతం గురించి చెప్పకుండా ముగించలేను. అంటుకోకపోతే మంచి స్టీలు అని మనవాళ్ళ నమ్మకం. కాని నికెల్ తగ్గించి మాంగనీసు పోసిన 200 శ్రేణి చవకరకం కూడా అంటుకోదు. 304 కన్నా, 316 కన్నా గట్టిదైన డూప్లెక్స్ మాత్రం చక్కగా అంటుకుంటుంది! అసలైన 304 రేకు సైతం వంచినచోట కాస్త లాగుతుంది.

తీరప్రాంతపు రొయ్యల షెడ్డు ఒకదానిలో కడిగే బల్లకు ఏడాది తిరక్కుండా వెల్డింగు వెంబడి చిల్లులు పడ్డాయి. యజమాని వెల్డరుదే తప్పని కూలి ఆపేశాడు. చూడమని నన్ను పిలిచారు. రేకు మీద పరీక్ష ద్రావకపు చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే ఎర్రబడింది, అంటే మాంగనీసు ఎక్కువ. బిల్లులో రాసింది 304. పైగా రోజూ రాత్రి బ్లీచింగు పౌడరు నీళ్ళు బల్లమీదే వదిలి ఇళ్ళకు వెళ్ళేవారట. వెల్డరు చేసిన తప్పు ఒక్కటే, వెల్డింగు నల్లమచ్చలను ఆమ్లంతో శుభ్రం చేయలేదు. అదీ ఎవరూ చెప్పలేదు, ఆ మందుకు డబ్బూ ఇవ్వలేదు. అతని కూలి అతనికి ఇప్పించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది.

వెల్డింగు పనికి కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్, 316ఎల్ అడగాలి. కార్బన్ ఎక్కువైతే ఆ వేడికి అది క్రోమియంతో కలిసిపోయి, అతుకు పక్కన క్రోమియం కరువవుతుంది. రేకుతోపాటు మిల్లువారి పరీక్షా పత్రం తీసుకుని, దానిమీది హీట్ నంబరు రేకుమీద ఉన్నదీ ఒకటేనా అని స్వయంగా చూసుకోవాలి. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.