అలీ చెయ్యి వేగమా, రాబిన్‌సన్ చెయ్యి వేగమా?

ఆటల పీరియడ్‌లో వాన పడి తరగతిలోనే కూర్చోవలసి వస్తే మా చర్చ ఎప్పుడూ ఒకచోటికే చేరుతుంది. ఏ కాలంలో ఎవరు గొప్ప? క్రికెట్‌లో అయితే పరుగులు, వికెట్లు చూసి కాస్తయినా తేల్చవచ్చు. బాక్సింగ్ దగ్గర మాత్రం తెగలేదు. చేతుల వేగంలో మహమ్మద్ అలీకి సాటి లేరని ఒకరు, షుగర్ రే రాబిన్‌సన్ ముందు అలీ ఎంత అని ఇంకొకరు, మైక్ టైసన్ అని మరొకరు. తర్వాత ఒక మిత్రుడు 1910 నాటి వీడియో చూపించి, "వీళ్ల చేతులు కనబడనే కనబడవు చూడండి" అన్నాడు. అక్కడే మాకు అనుమానం వచ్చింది. అందులో చేతులే కాదు, రిఫరీ నడక, జనం కదలడం కూడా హడావుడిగానే ఉన్నాయి.

అది 1910 జులై 4న అమెరికాలోని రీనోలో జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్ మధ్య జరిగిన పోటీ. నిజానికి జాన్సన్ తొందరపడే మనిషి కాదు. కాచుకుని, ఆచితూచి కొట్టే బాక్సర్. మరి ఆ వేగం ఎక్కడిది? కెమెరాది. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పి నడిపేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 20 బొమ్మలు పడేవి. మాటల సినిమాలు వచ్చాక సెకనుకు 24 బొమ్మలు అన్న లెక్క స్థిరపడింది. 16 చొప్పున తీసినదాన్ని 24 చొప్పున చూపిస్తే, సెకనున్నరలో జరిగినది ఒక్క సెకనులో ముగిసిపోతుంది. అంటే పాత బాక్సర్లకు మనం తెలియకుండానే సగం వేగం అదనంగా ఇచ్చేస్తున్నాం. ఇప్పుడు కొందరు ఆ ఫిల్ములను సరైన వేగానికి తగ్గించి చూపిస్తున్నారు. అప్పుడు జాన్సన్ మామూలు మనిషిలా నడుస్తాడు. అతని నేర్పు కూడా అప్పుడే బాగా కనిపిస్తుందని మాకనిపించింది.

సరే, ఫిల్మును నమ్మలేం, గడియారం పెట్టి కొలిస్తే? అలీ విషయంలో అదీ జరిగింది. 1969లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అతని జాబ్‌ను, అంటే ముందున్న చేత్తో తిన్నగా కొట్టే పంచ్‌ను, ఒక పరికరంతో కొలిచిన ఫలితాలు వేసింది. పదహారున్నర అంగుళాల దూరంలో, అంటే దాదాపు 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పలుచని చెక్కను అలీ 0.19 సెకనులో పగలగొట్టాడు. ఆ దూరం దాటడానికి చేతికి పట్టినది 0.04 సెకను మాత్రమే.

ఒకే దెబ్బకు రెండు అంకెలు! లెక్క వేసి చూడండి. 42 సెంటీమీటర్లను 0.19తో భాగిస్తే సెకనుకు 2 మీటర్ల పైచిలుకు. అది అలీ వేగం కాదు, మనం కూడా కొట్టగలం. 0.04తో భాగిస్తే సెకనుకు 10 మీటర్లు దాటుతుంది. గడియారాన్ని ఎప్పుడు మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అదే చెయ్యి నెమ్మది అవుతుంది, మెరుపూ అవుతుంది. ఒక ఆదివారం మేము ఇంట్లో పెద్దల ఫోన్ అడిగి తీసుకుని, స్లో మోషన్‌లో మా పంచ్‌లు తీసుకున్నాం. సెకనుకు 240 బొమ్మలు వచ్చాయి. లెక్కపెట్టడం తేలికే. పంచ్ ఎక్కడ మొదలైందన్న దగ్గరే గొడవ. పిడికిలి కదిలినప్పుడా, భుజం కదిలినప్పుడా, మడమ లేచినప్పుడా? ముగ్గురం మూడు జవాబులు చెప్పాం.

ఇక 24 బొమ్మల పాత ఫిల్ములో ఒక్కో బొమ్మకు 0.04 సెకను పడుతుంది. అంటే అలీ జాబ్ ప్రయాణమంతా ఒక్క బొమ్మలో అయిపోవచ్చు. 0.04కూ 0.05కూ తేడాను ఆ ఫిల్ము పట్టుకోలేదు. పాత ఫైట్ ఫిల్ములను సేకరించిన జిమ్ జేకబ్స్ ఫిల్ము మీదే కొలిచి, అలీ రాబిన్‌సన్‌ను మించాడని చెప్పాడు. ఆయన కన్ను గొప్పదే కావచ్చు. కానీ ఈ లెక్క చూశాక మాకు ఆ మాట మీద పూర్తి నమ్మకం కుదరలేదు.

బరువు సంగతి కూడా ఉంది. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించినప్పుడు అలీ బరువు దాదాపు 95 కిలోలు. రాబిన్‌సన్ పోటీ చేసిన మిడిల్‌వెయిట్‌లో పరిమితి 72.5 కిలోలు. చెయ్యి అన్ని వైపులా రెండింతలు పెద్దదైతే, కండరం బలం దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. కాబట్టి చిన్న శరీరానికి వేగం సహజంగానే ఎక్కువ. అంత బరువుతో అలీ చిన్నవాళ్లతో పోలికకు రావడమే వింత. ఈ చర్చలో మేము అలీ పక్షానికి మొగ్గింది ఇక్కడే.

అయినా రింగులో సెకన్లే అంతా కాదు. కంటితో చూసి శరీరాన్ని కదపడానికి మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. చెయ్యి బయలుదేరాక చూసి తప్పుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే బాక్సర్లు ఎదుటివాడి భుజాన్ని, పాదాన్ని చూసి ముందే పసిగడతారు. దెబ్బ బయలుదేరుతున్నట్టు తెలియనివ్వకపోవడమూ వేగమే. అలీ చేతులు కిందకి వదిలేసేవాడు. జాబ్ ఎదుటివాడి చూపు కింది నుంచి లేచి వచ్చేది. 1957 మే 1న షికాగోలో రాబిన్‌సన్ ఒక్క ఎడమ హుక్‌తో జీన్ ఫుల్మర్‌ను పడగొట్టాడు. ఫుల్మర్‌ను అంతకుముందు ఎవరూ నాకౌట్ చేయలేదు. రాబిన్‌సన్‌కు 36 ఏళ్లు నిండడానికి అప్పటికి రెండు రోజులుంది.

చేతుల వేగం అనగానే మాకు గుర్తొచ్చే మరో పేరు మెల్డ్రిక్ టేలర్. 17 ఏళ్లకే 1984 ఒలింపిక్స్ స్వర్ణం గెలిచాడు. 1990 మార్చి 17న హూలియో సీజర్ చావెజ్‌తో తలపడి, పంచ్‌లు కురిపించాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి లెక్కలో ముందున్నాడు. చావెజ్ తక్కువ కొట్టాడు, బరువుగా కొట్టాడు. చివరి రౌండులో టేలర్ కూలి లేచాక, గంట మోగడానికి రెండు సెకన్లు ఉండగా రిఫరీ పోటీ ఆపేశాడు. టేలర్ ముఖం ఎముక విరిగింది. ఆ తర్వాత అతను మళ్లీ ఆ టేలర్ కాలేదు.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023 ప్రపంచ టైటిళ్లు గెలిచిన పోటీలు స్పష్టమైన వీడియోల్లో ఉన్నాయి. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వాటిని బొమ్మ బొమ్మగా లెక్కపెట్టుకోవచ్చు. హ్యారీ గ్రెబ్‌కు ఆ అదృష్టం లేదు. దాదాపు 300 పోటీలు ఆడి, జీన్ టనీని ఓడించిన ఏకైక బాక్సర్‌గా నిలిచిన గ్రెబ్‌ను గాలిమరతో పోల్చి 'పిట్స్‌బర్గ్ విండ్‌మిల్' అనేవారు. అతను సాధన చేస్తున్న కొద్దిపాటి ఫిల్ము ఉంది. ఆడిన పోటీల్లో మాత్రం ఒక్కదాని ఫిల్మూ మిగల్లేదు.