గండిపేట తోటలో ఒక కార్తిక ప్రభాతం

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదును విడిచిపోలేడని పెద్దలు చెప్పుకునేవారు. ఆ నీటి మహిమ ఎంతటిదో నాకు తెలియదు గాని, ఆ ఒడ్డున చెట్ల నీడలో ఒక పూట గడిపినవాడు మళ్ళీ రాకుండా ఉండలేడని మాత్రం నా అనుభవం మీద చెప్పగలను. గత కార్తికమాసంలో మా అన్నయ్యను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాను. వనభోజనం అన్నది నెపం మాత్రమే. ఆయనతో ఏకాంతంగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. అది ఇంట్లో నలుగురి ఎదుట చెప్పదగినది కాదు.

అన్నయ్యకు 68 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరి తేరుకున్నాడు. నాటి నుంచి ఉదయం, రాత్రి మాత్రలు. నేను వైద్యుణ్ణి కాను. ఆయుర్వేద గ్రంథాలు చదివే అలవాటున్న గృహస్థుణ్ణి. ఆ ఉత్సాహంతోనే ఒకనాడు ఆయనకు తెల్లమద్ది గుణాలను గూర్చి గంటసేపు ఉపన్యసించాను. హృద్రోగంలో దాని పట్టను పాలతో కాచి ఇవ్వడం చక్రదత్తుడు చెప్పినదే. నా మాట మీద ఆయనకున్న గురి అంతటిదని నేను ఊహించలేదు. దీపావళి వెళ్ళిన మూడో రోజున వదిన ఫోను చేసి, "మరిదిగారూ, మీ అన్నయ్య మూడు వారాలుగా మాత్రలు ముట్టడం లేదు. అడిగితే మీ పేరు చెబుతున్నారు" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నగరం పడమటి దిక్కున ఎంత పెరిగినా, గండిపేట చేరేసరికి రణగొణధ్వని ఒక్కసారిగా వెనుకబడుతుంది. ఎదుట కనుచూపు మేర నీరు. నీటి అంచున తుంగ, దానిలో ఒంటికాలి మీద నిలిచిన కొంగలు, ఇవతల కానుగ, వేప, ఉసిరి చెట్లు. ఇంత ప్రశాంతమైన జలాశయం పుట్టుకకు కారణం ఒక మహాప్రళయమని చూసేవారికి తోచదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని 150 మంది దాకా బతికి బయటపడ్డారని ప్రతీతి. మళ్ళీ అటువంటి ఉపద్రవం రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో మూసీకి అడ్డంగా కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి పూర్తయింది. అదే మన గండిపేట.

మేము చేరేసరికి గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. శరదృతువులో మంచును, పెరుగును, పగటి నిద్రను వర్జించమని వాగ్భటుని ఆదేశం. కనుక సూర్యుడు చెట్ల పైకి వచ్చేదాకా మంటపంలో కూర్చుని, ఆ తరువాతే నడక ప్రారంభించాము. పగలు సూర్యకిరణాలతో వేడెక్కి, రాత్రి చంద్రకిరణాలతో చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన శరత్కాలపు నీటిని హంసోదకం అన్నారు. ఆ మాట చెప్పగానే అన్నయ్య దోసిలి పట్టబోయాడు. వారించాను. వాగ్భటుని కాలపు చెరువులు వేరు, మహానగరం చుట్టుముట్టిన నేటి చెరువులు వేరు.

దేహానికి బాధ కలిగించని నడక ఆయుర్దాయాన్ని, బలాన్ని, మేధను, జఠరాగ్నిని పెంచుతుందని సుశ్రుత సంహిత చికిత్సాస్థానం చెబుతున్నది. వ్యాయామాన్ని శక్తిలో సగం వరకే చేయమన్నారు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఆరడం ఆ హద్దుకు గుర్తులు. అన్నయ్య నాలుగు వందల అడుగులకే ఆగి, నోటితో ఊపిరి తీసుకోసాగాడు. నెల క్రితం ఇంతకు మూడింతలు సునాయాసంగా నడిచిన మనిషి. నా గుండె గుభేలుమన్నది.

అలసట తీర్చుకోవడానికి మేము ఆగినది దైవికంగా ఒక తెల్లమద్ది కిందనే. తెల్లని నున్నని మాను, ఐదు రెక్కల కాయలు. మనిషి ఎత్తు వరకు పట్టను ఎవరెవరో కత్తులతో చెక్కుకొని పోయారు. ఒకవైపు చెక్కు వలయంగా తిరిగి దాదాపు కలిసిపోయింది. ఆకులు తయారుచేసే ఆహారం లోపలి పట్ట గుండానే వేళ్ళకు దిగుతుంది. చుట్టూ ఒలిస్తే వేళ్ళు మాడి చెట్టే చచ్చిపోతుంది.

"మా కాలనీ పార్కులో చెట్టు కూడా ఇలాగే ఉందిరా. రోజూ నేనూ కొంత చెక్కి తెచ్చుకుంటున్నాను" అన్నాడు అన్నయ్య నెమ్మదిగా.

అప్పుడు చెప్పాను. "అన్నయ్యా, తప్పు నాది. మద్ది పాలు తాగమన్నాను గాని, మాత్రలు మానవద్దని గట్టిగా చెప్పలేదు. చక్రదత్తుడైనా రోగిని చూడకుండా మందు మార్చమనలేదు."

ఆయన చాలాసేపు నీటివైపే చూస్తూ ఉండిపోయాడు. "రోజూ అన్ని మాత్రలు మింగుతుంటే, నేను ఇక రోగిగానే పోతాననిపించేదిరా. పాలు కాచుకుంటే మాత్రం నా ఇంట్లో నేను బాగుపడుతున్నట్టుండేది" అన్నాడు. ఈ మాటకు నా గ్రంథాలలో సమాధానం లేదు. తోటలో భోజనం ముగించకుండానే బయలుదేరి నేరుగా ఆయన వైద్యుని వద్దకు వెళ్ళాము. రక్తపోటు బాగా పెరిగి ఉన్నది. గుండెకు వాడే కొన్ని మాత్రలను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఆయన మందలించి, మందులు తిరిగి ప్రారంభించారు. మద్ది సంగతి దాచకుండా చెప్పాము. కొంతకాలం ఆపమన్నారు, ఆపించాను.

ఈ వ్యాసం చదివి విధానం అడిగేవారు ఉంటారు కనుక చెబుతున్నాను. క్షీరపాకానికి చూర్ణం ఒక పాలు, పాలు ఎనిమిది పాళ్ళు, నీరు ముప్పైరెండు పాళ్ళు. అంటే 5 గ్రాముల పట్ట చూర్ణానికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీరు కలిపి, నీరంతా ఇగిరి పాలు మిగిలే వరకు సన్నని సెగ మీద కాచి వడగట్టాలి. రక్తపోటుకు గాని, రక్తం పలుచబడటానికి గాని మందులు వాడేవారు తమ వైద్యునికి చెప్పకుండా దీనిని ముట్టరాదు. చూర్ణం నమ్మకమైన మూలికల దుకాణంలో కొనండి. పార్కులోని చెట్టు మీద కత్తి పెట్టకండి.

మార్గశిరంలో మళ్ళీ గండిపేట వెళ్ళాము. ఈసారి వదిన కూడా వచ్చింది. అన్నయ్య ఆ మద్ది దాకా ఆగకుండా నడిచి, మానుపై చెక్కు ఇంకా కలిసిపోలేదు కదా అని చుట్టూ తిరిగి చూశాడు. కలవలేదు. ఆ తరువాత జేబులోంచి మాత్రల డబ్బా తీసి, మధ్యాహ్నం వేళయిందా అని వదినను అడిగాడు.