చేతికి పని వచ్చేదాకా

అనకాపల్లి జిల్లాలో ఉన్నవీ వస్తున్నవీ అయిన పెద్ద పరిశ్రమల్లో చాలావాటికి ఒక అవసరం ఉమ్మడిగా ఉంది. వేడిని బయటికి పంపకుండా అవి ఒక్క పూట కూడా నడవవు. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలకు చిల్లర్లు, అంటే చల్లబరిచే పెద్ద యంత్రాలు, కావాలి. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ అవే కావాలి. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖ ప్రాంతానికి ప్రకటించిన డేటా సెంటర్ పెట్టుబడి 1,500 కోట్ల డాలర్లు. అందుకు అనుకున్న స్థలాల్లో రాంబిల్లి పేరు కూడా ఉంది. డేటా సెంటర్లో సర్వర్లు ఎంత ముఖ్యమో, వాటి వేడిని లాగేసే యంత్రాలూ అంతే ముఖ్యం. రాష్ట్రానికి అటు చివర శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీలు తయారవుతున్నాయి.

యంత్రాలు వస్తాయి. వాటిని బిగించి, నడిపి, చెడిపోకుండా చూసే చేతులు ఎక్కడి నుంచి రావాలన్నదే ప్రశ్న. ఇదే జిల్లాలోని నర్సీపట్నంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి నుంచి ఘాట్ దిగి వచ్చే పిల్లలకూ, గొలుగొండ, రోలుగుంట, నాతవరం పిల్లలకూ పదో తరగతి దాటాక అందుబాటులో ఉండే ఊరు ఇది. ఇక్కడ శిక్షణ ఎలా ఉండాలో ఆలోచించడానికి ఇదే సమయం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రంగంలో శిక్షణ బాగుందో లేదో సర్టిఫికెట్ల లెక్కతో తేలదు. పిల్లవాడు అతికిన జాయింటు ఒత్తిడికి ఆగిందా లేదా అన్నదానితో తేలుతుంది.

గ్యాస్ ఎందుకు తగ్గుతుంది

వేసవిలో చాలా ఇళ్లలో వినపడే మాట, "ఏసీలో గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అని. నిజానికి ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మూసుకుని తిరుగుతూ గదిలోని వేడిని పీల్చి, బయట యూనిట్ దగ్గర వదులుతుంది. ఒక్క గ్రాము తగ్గినా ఎక్కడో కారుతోందనే అర్థం. లీకు పట్టకుండా గ్యాస్ ఎక్కించడమంటే చిల్లి కుండలో నీళ్లు పోయడమే. వచ్చే వేసవికి అదే మెకానిక్‌ని మళ్లీ పిలవాలి. ఈలోగా ఆ గ్యాస్ గాలిలో కలుస్తుంది. పాత ఏసీల్లో వాడే ఆర్-22 ఒక కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

ఆ లీకు చాలాసార్లు బిగించిన రోజే పుడుతుంది. అందుకే శిక్షణలో మొదట పట్టించుకోవాల్సింది జాయింటు. రెండు రాగి గొట్టాలను అతకడానికి రాగి, భాస్వరం కలిసిన కడ్డీ వాడతారు. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఈ కడ్డీ 700, 800 డిగ్రీల మధ్యే పారుతుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు మంటను కడ్డీ మీదికి తిప్పుతాడు. కడ్డీ కరిగి పైన ముద్దలా పేరుకుంటుంది తప్ప లోపలికి పోదు. చూడటానికి అతికినట్టే ఉంటుంది, ఒత్తిడి పెడితే బుడగలు వస్తాయి. పని వచ్చినవాడు మంటను గొట్టం మీద ఆడిస్తాడు. గొట్టం ముదురు ఎరుపు తిరిగాక కడ్డీ కొస ఆనిస్తాడు. గొట్టం వేడికే అది కరిగి, రెండు గొట్టాల మధ్య ఉన్న సన్నని సందులోకి దానంతటదే లాక్కుపోతుంది. ఆ ఎరుపు ఎంత అన్నది పుస్తకం చెప్పలేదు. కన్ను పట్టాలి. అందుకు కొన్ని గొట్టాలు కాలిపోవాలి, కొన్ని కరిగిపోవాలి, కొన్ని పనికిరాకుండా పోవాలి.

అతికేటప్పుడు గొట్టంలో సన్నగా నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే ఆ వేడికి లోపలి గోడ మీద నల్లటి పెచ్చు కడుతుంది. తర్వాత అది రాలి, వెంట్రుకంత సన్నని దారుల్లో అడ్డుపడి, కంప్రెసర్ ప్రాణం తీస్తుంది. ఒత్తిడి పరీక్షా నైట్రోజన్‌తోనే చేయాలి. వెల్డింగ్ దగ్గర చేతికందేలా ఉందని ఆక్సిజన్ ఎక్కిస్తే, లోపలి నూనెతో కలిసి పేలుతుంది. "ఆక్సిజన్ వద్దు" అన్న ఈ ఒక్క మాట పిల్లల ఒంట్లో ఇంకితే చాలు, కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

గేజ్ ముందు ఓపిక

జాయింటు నిలిచాక గొట్టాల్లోని గాలినీ తేమనూ బయటికి లాగాలి. దీన్ని వాక్యూమ్ చేయడం అంటారు. బయటి గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లయితే, వాక్యూమ్ పంపుతో దాన్ని 500 మైక్రాన్ల దాకా దించాలి. అంత తక్కువ ఒత్తిడిలో నీరు సున్నాకు 24 డిగ్రీల కిందే మరిగి ఆవిరవుతుంది. కాబట్టి మామూలు ఎండకే లోపలి తేమంతా ఆవిరై పంపు దారిన వెళ్లిపోతుంది. తర్వాత వాల్వు మూసి, గేజ్ చూస్తూ కూర్చోవాలి. అంకె కొంచెం పెరిగి ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉందని. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు ఉందని. కదలకుండా నిలిస్తే పని అయిందని.

ఈ నిరీక్షణే చాలాచోట్ల ఎగిరిపోతుంది. పంపు, నైట్రోజన్ సిలిండర్ మోసుకుని మూడో అంతస్తు ఎక్కాలి. ఇంటివారు "ఇంకా ఎంతసేపు బాబూ" అంటారు. ఆ రోజు ఇంకా నాలుగు ఇళ్లు మిగిలి ఉంటాయి. దాంతో కొంచెం గ్యాస్ వదిలి దాని తోపుతోనే గాలిని బయటికి పంపేస్తారు. హెల్పర్ అదే చూస్తాడు, అదే నేర్చుకుంటాడు. ఇందులో మేస్త్రీలను తప్పుపట్టి లాభం లేదు. శబ్దం విని కంప్రెసర్ జబ్బు చెప్పగల మేస్త్రీలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు ఎవరూ పంపు కొనివ్వలేదు, మైక్రాన్ గేజ్ చూపించలేదు. వాళ్లకు తెలిసినదాన్ని గౌరవిస్తూ, తెలియనిది చేతికివ్వడమే శిక్షణ పని.

గ్యాసులు మారుతున్నాయి కాబట్టి ఇక వాయిదా వేయడానికీ లేదు. 2024 డిసెంబరు 31 తర్వాత మన దేశంలో ఆర్-22 రకం గ్యాసులతో కొత్త యంత్రాలు తయారు చేయకూడదు. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉంటున్నది ఆర్-32. అది ఆర్-22తో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైగా ఒత్తిడిలో పనిచేస్తుంది, కొద్దిగా మండే గుణమూ ఉంది. కొన్ని యంత్రాల్లో వాడే ఆర్-290 మన వంటగ్యాసులో ఉండే ప్రొపేన్. ఆర్-22తో అలవాటైన తెగింపు వీటి దగ్గర పనికిరాదు. కేంద్రం 2019 మార్చిలో తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్షలో ఒక్కొక్కరూ ఎన్ని జాయింట్లు అతికారన్నదే అసలు ప్రశ్న.

ఇది సుఖానికి సంబంధించిన పని కాదు

ఏసీ మెకానిక్ అంటే డబ్బున్నవారి గది చల్లబరిచేవాడని ఇప్పటికీ అనుకునేవారున్నారు. వారు ఒక ప్రమాదాన్ని గుర్తు చేసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూపిన లోపాల్లో రెండు మనం మాట్లాడుకుంటున్న పనికే చెందినవి. స్టైరీన్ నిల్వ చేసిన ట్యాంకును చల్లబరిచే ఏర్పాటు చాలలేదు. ఉష్ణోగ్రత చూసే సాధనం అడుగున మాత్రమే ఉండటంతో పై పొరలు వేడెక్కిన సంగతి తెలియలేదు. చిల్లర్ ఎందుకు ఆపకూడదో, ఉష్ణోగ్రతను ఎక్కడెక్కడ చూడాలో అడగగలిగే టెక్నీషియన్ ప్రతి షిఫ్టులో ఉండటం ఎంత అవసరమో దీనికి మించి చెప్పక్కర్లేదు.

నర్సీపట్నం పైన ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాల్లో పిల్లల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. అంతకంటే వేడెక్కినా, గడ్డకట్టినా కొన్ని టీకాలు చెడిపోతాయి. గడ్డకట్టి చెడిన టీకా చాలాసార్లు సీసా చూస్తే తెలియదు. ఏరియా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో గాలి వడపోసే ఫిల్టర్ ఎప్పుడు మార్చారన్నది రోగి కుట్టు మానడానికి సంబంధించిన విషయం. పెద్ద భవనంలో మెయింటెనెన్స్ మనిషి చూసేది ఒక్క ఏసీనే కాదు. నీళ్ల మోటార్లు, జనరేటరు, ఎలక్ట్రికల్ ప్యానెల్, అగ్నిమాపక పంపు అన్నీ అతని మీదే ఆధారపడతాయి. ప్యానెల్ తెరిచే ముందు కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవడం అతనికి అలవాటు కావాలి. అప్పుడే అతను సాయంత్రం ఇంటికి చేరతాడు.

840 గంటలు ఎలా గడుస్తాయి

ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లు. 2022లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాదికి 1,200 గంటల్లో 840 గంటలు ప్రాక్టికల్. కాగితం మీద ఇది మంచి లెక్క. ఇళ్ల ఫ్రిజ్‌ల నుంచి సెంట్రల్ ఏసీ, కూలింగ్ టవర్ల దాకా అన్నీ ఇందులో ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఇరవైమందికి ఒక యంత్రం ఉన్నచోట ఒకడు పానా పట్టుకుంటే పంతొమ్మిదిమంది చూస్తూ నిలబడతారు. రాగి ధర పెరిగి, గొట్టం కొనడానికి నిధి లేనిచోట 840 గంటలు రికార్డు పుస్తకంలో బొమ్మలు గీయడానికే సరిపోతాయి. ఈ శిక్షణలో అసలు ఖర్చు భవనం కాదు. వాడి పారేయాల్సిన రాగి, కడ్డీ, నైట్రోజన్. ఆ పద్దుకు కోత పడితే శిక్షణకే కోత పడ్డట్టు.

జర్మనీలో శీతలీకరణ మెకట్రానిక్స్ వృత్తి నేర్చుకోవడానికి మూడున్నరేళ్లు పడుతుంది. అందులో ఎక్కువ భాగం కంపెనీలో జీతం తీసుకుంటూ పనిచేయడమే. మిగతా సమయం వృత్తి పాఠశాలలో గడుస్తుంది. అమెరికాలో శుద్ధ వాయు చట్టం 608వ సెక్షన్ ప్రకారం పరీక్ష పాసుకానివాడు ఆర్-22, ఆర్-32 లాంటి గ్యాసులున్న యంత్రాన్ని విప్పకూడదు. మన దగ్గరా ఆధారం లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అచ్యుతాపురం, పరవాడ కంపెనీల చిల్లర్ గదుల్లో నర్సీపట్నం కుర్రాళ్లు ఏడాదిపాటు పనిచేయడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. సంస్థలు, ఐటీఐ, జిల్లా యంత్రాంగం కూర్చుని తేదీలు రాసుకుంటే చాలు.

ఊరిలో చేయగలిగినవీ ఉన్నాయి. వర్క్‌షాపులో ఒక గోడను స్ప్లిట్ ఏసీలకే వదిలేయాలి. ఒక జట్టు బిగించినదాన్ని ఇంకో జట్టు విప్పి మళ్లీ బిగించాలి. మాస్టారు కావాలని లోపాలు పెట్టిన ప్యానెల్ ఒకటి ఉండాలి. కెపాసిటర్ పోయిందా, వైరు వదులైందా, రిలే అంటుకుందా అన్నది ఊహించకుండా మీటరుతో పట్టుకోవడం అక్కడే వస్తుంది. పరీక్ష రోజు ప్రతి పిల్లవాడి జాయింటులో నైట్రోజన్ ఎక్కించి, గేజ్ మీద అంకె రాసి, తలుపు తాళం వేసి వెళ్లిపోవాలి. మర్నాడు ఉదయం తెరిచి చూస్తే ఎవరికి పని వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండలో ఏళ్ల తరబడి పనిచేసిన స్థానిక మెకానిక్‌లకు సాయంత్రం పూట ఇదే వర్క్‌షాపు తెరవాలి. ఆడపిల్లలకూ ఇందులో చోటు ఉండాలి. మైక్రాన్ గేజ్ చదవడానికి భుజబలం అక్కర్లేదు.

పిల్లవాణ్ని చేర్చే ముందు తల్లిదండ్రులు వర్క్‌షాపు చూపించమని అడగాలి. ఒక్కొక్కరి చేతికి ఎంత రాగి గొట్టం ఇస్తారు? నైట్రోజన్ సిలిండరు నిండుగా ఉందా? వాక్యూమ్ పంపు చివరిసారి ఎప్పుడు నడిచింది? కిందటేడు పిల్లలు ఏ కంపెనీలో, ఎన్ని నెలలు అప్రెంటిస్ చేశారు? వీటికి సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థలో ఫీజు కడితే ఆ డబ్బు వృథా కాదు. చెప్పలేని సంస్థను ఈ ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడగాలి. జవాబు సిద్ధం చేసుకోక తప్పని పరిస్థితి వచ్చేదాకా అడగాలి. ప్రభుత్వ సంస్థ అయితే, అడిగే హక్కు మనకు ఇంకా ఎక్కువ.