గూడేనికి సరిపోయే దవాఖాన

చెన్నూరు నుంచి తూర్పుకు పోతే ప్రాణహిత వస్తుంది. అవతలి ఒడ్డు సిరోంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. నది రెండు రాష్ట్రాలకు హద్దయింది గానీ గోండులు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. ఆదివాసీలు దవాఖానకు రారని, చెబితే వినరని మన వైపు అధికారులు తరచూ అంటుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో గడ్చిరోలిలో ఎప్పుడో తేలిపోయింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1986లో అక్కడ ‘సెర్చ్’ సంస్థతో పని మొదలుపెట్టారు. ఆసుపత్రి కట్టబోయే ముందు, అది ఎలా ఉండాలని గోండులనే అడిగారు. పెద్ద భవనాలంటే భయమన్నారు వాళ్లు. శవానికి చుట్టేది తెల్లగుడ్డ, డాక్టర్లూ నర్సులూ వేసుకునేదీ అదే రంగు అన్నారు. చుట్టాలను బయటికి పంపేస్తే రోగి ఒంటరి అవుతాడన్నారు. ఇందులో మొండితనం ఎక్కడుంది? పట్నంలో మనమూ లోలోపల అనుకునే మాటలే ఇవి. చివరికి ఆసుపత్రిని గోండు పల్లెలా, గుడిసెల వరసగా కట్టారు. వాళ్ల దేవత పేరిట ‘మా దంతేశ్వరి దవాఖానా’ అని పిలిచారు. రోగి పక్కన ఇంటివాళ్లు ఉండటానికి చోటిచ్చారు.

ఇదంతా పైపై మర్యాద, అసలు వైద్యం మందులోనే ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు పసిపిల్లల ప్రాణాల లెక్కలో ఉంది. ఆ సంస్థే 39 ఊళ్లలో అక్కడి ఆడవాళ్లనే ఎంచుకుని శిక్షణ ఇచ్చింది. కాన్పు సమయంలో పక్కన ఉండటం, బిడ్డను తూచటం, వెచ్చగా ఉంచటం, ఒంట్లో ఇన్ఫెక్షన్ సోకిన గుర్తులు కనిపెట్టడం వాళ్లు నేర్చుకున్నారు. అవసరమైతే ఆ ఇంట్లోనే యాంటిబయాటిక్ ఇంజెక్షన్ వేశారు. 1999లో ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను అచ్చువేసింది. పోలిక కోసం తీసుకున్న ఊళ్లతో చూస్తే నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇంజెక్షన్‌లో మందు కొత్తది కాదు. వేసిన చెయ్యి ఆ ఊరిది, చెప్పిన మాట ఆ ఇంటి భాషది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతినే తీసుకుని, నవజాత శిశువులను ఇంటికెళ్లి చూసే పనిని దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇంజెక్షన్ పని మాత్రం చాలాచోట్ల వాళ్ల చేతికి రాలేదనుకోండి, అది వేరే కథ.

సంప్రదాయాన్ని గౌరవించడమంటే మూఢనమ్మకాన్ని పోషించడమే అనే విమర్శను తేలిగ్గా తీసెయ్యలేం. మెదడుకెక్కే మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే పిల్లవాణ్ని తీసుకుపోతుంది. పూజలతో ఆ రెండు రోజులూ గడిచిపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అలాగని ఆ పూజలు చేసే గూడెం పూజారిని, దేవారిని తిట్టినంత మాత్రాన జనం ఆయన దగ్గరికి పోవడం మానరు, ఏఎన్‌ఎంకు చెప్పడం మానేస్తారు. పూజ ముగించి ‘ఇక దవాఖానకు తీసుకుపోండి’ అని దేవారే చెప్పేలా చూసుకుంటే ఆ రెండు రోజులూ మిగులుతాయి.

తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు సికిల్‌సెల్ సంగతి ఇంకా చిక్కుది. 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలని, 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష తేలికే, తర్వాతి మాటే కష్టం. ‘దగ్గరి చుట్టరికం చేసుకోకండి’ అని ఒక్కమాటలో చెప్పి చేతులు దులుపుకుంటే గోండు గూడెంలో అది అతకదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా, అంటే వంశాల కూటములుగా ఉన్న గోండులు సొంత సగలో పెళ్లి చేసుకోనే చేసుకోరు. మేమెప్పుడూ నియమం తప్పలేదే అంటారు, అదీ నిజమే. మేనరికం ముప్పు పెంచే మాట వాస్తవం. కానీ ఏ చుట్టరికమూ లేని ఇద్దరైనా, ఇద్దరూ ఆ లక్షణాన్ని మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుంది. కాబట్టి సంబంధం కుదిర్చేటప్పుడు సగతో పాటు రక్తపరీక్ష కార్డు కూడా చూడాలని కులపెద్దలే అనాలి. వాళ్ల పెళ్లి లెక్క తెలియని డాక్టరు ఈ మాట చెప్పలేడు.

ఇప్పుడు అందరికీ తెలుగు వస్తుందిగా అనేవాళ్లున్నారు. చెన్నూరు వైపు నాయకపోళ్లు, మన్నెవార్లు మాట్లాడేది తెలుగే. అక్కడ గోండి పోస్టర్ అంటిస్తే నవ్వుతారు. అందుకే ‘ఆదివాసీ పద్ధతి’ అని ఒకే అచ్చు పోయకూడదు. ఉట్నూరు, జైనూరు కొండల్లో మాత్రం ముసలమ్మ నొప్పి ఎలా ఉందో చెప్పేది గోండిలోనో కొలామిలోనో. గోండుల తిరుగుబాటు నడిపిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండిలో చదువు చెప్పే పంతుళ్లకు శిక్షణ మొదలైంది. బడి విషయంలో అప్పుడే తెలిసివచ్చిన సంగతి మన దవాఖానకు ఇంకా ఎక్కలేదు. వేరేచోట్ల ఎక్కింది. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆస్ట్రేలియా మూలవాసులు తమ వైద్యశాలను తామే పెట్టుకుని నడపసాగారు. అలాంటివి అక్కడ ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి.

ఖర్చు మాట వస్తుంది. గుడిసెలు భవనాల కంటే చవక. ఊరి మనిషికి శిక్షణ ఇవ్వడం రోగిని వరంగల్ దాకా అంబులెన్సులో తరలించడం కంటే చవక. ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏఎన్‌ఎం, స్టాఫ్ నర్సు పోస్టులు నింపేటప్పుడు ఆ మండలంలో మాట్లాడే భాష వచ్చినవాళ్లకు అదనపు మార్కులు వేయాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.