ది గ్రేట్ డిక్టేటర్

ది గ్రేట్ డిక్టేటర్ 1940లో విడుదలైన అమెరికన్ హాస్య చలనచిత్రము. ప్రముఖ హాస్యనటుడు చార్లీ చాప్లిన్ ఈ చిత్రమునకు రచయిత, దర్శకుడు, నిర్మాత. జర్మనీ నియంత అడాల్ఫ్ హిట్లర్‌ను, నాజీల యూదు ద్వేషమును ఎగతాళి చేస్తూ తీసిన వ్యంగ్య చిత్రమిది. చాప్లిన్ పూర్తిగా సంభాషణలతో నిర్మించిన మొదటి చిత్రము కూడా ఇదే.

నేపథ్యము

చాప్లిన్, హిట్లర్ ఇద్దరూ 1889 ఏప్రిల్ నెలలో నాలుగు రోజుల తేడాతో జన్మించారు. ఇద్దరి మీసకట్టు కూడా ఒకే విధముగా ఉండేది. ఈ పోలికే చిత్రకథకు మూలము. చాప్లిన్ తన సొంత డబ్బుతో ఈ చిత్రమును నిర్మించాడు. హిట్లర్‌తో రాజీ ధోరణిలో ఉన్న బ్రిటిష్ ప్రభుత్వము మొదట దీని ప్రదర్శనను అడ్డుకోవాలని భావించింది. 1939 సెప్టెంబరులో చిత్రీకరణ మొదలయ్యే నాటికి రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైంది. అమెరికా మాత్రము 1941 డిసెంబరు వరకు యుద్ధములో చేరలేదు.

కథ

టొమేనియా అనే కల్పిత దేశములో ఒక యూదు క్షురకుడు మొదటి ప్రపంచ యుద్ధములో పాల్గొని, షుల్ట్జ్ అనే అధికారిని కాపాడతాడు. ఆ సందర్భములో విమానము కూలి జ్ఞాపకశక్తిని కోల్పోతాడు. ఏళ్ళ తరువాత ఆసుపత్రి నుండి తన దుకాణమునకు తిరిగి వచ్చేసరికి దేశము హింకెల్ అనే నియంత చేతిలో ఉంటుంది. సైనికులు యూదుల దుకాణాల అద్దాలపై రంగుతో రాతలు రాస్తుంటారు. ఏమీ తెలియని క్షురకుడు ఆ రాతలను తుడిచివేయబోయి వారితో తలపడతాడు. హన్నా అనే యువతి అతనికి అండగా నిలుస్తుంది. చివరికి క్షురకుడు, నియంతకు ఎదురు తిరిగిన షుల్ట్జ్ నిర్బంధ శిబిరము పాలవుతారు. వారు సైనిక దుస్తులలో తప్పించుకొన్నప్పుడు, వేటకు వెళ్ళిన హింకెల్‌ను క్షురకుడనుకొని సైనికులు బంధిస్తారు. క్షురకుడిని నియంతగా పొరబడి ప్రసంగ వేదిక ఎక్కిస్తారు.

ముఖ్య పాత్రలు

చార్లీ చాప్లిన్ - హింకెల్, యూదు క్షురకుడు (ద్విపాత్రాభినయము)
పాలెట్ గొడార్డ్ - హన్నా
జాక్ ఓకీ - బాక్టీరియా దేశ నియంత నాపలోని (ఇటలీ నియంత ముస్సోలినీకి అనుకరణ)
రెజినాల్డ్ గార్డినర్ - షుల్ట్జ్

వ్యంగ్యము

హింకెల్ ఉపన్యాసాలలో అర్థమున్న మాటలు తక్కువ. జర్మన్ భాషలా ధ్వనించే అరుపులు, దగ్గులు, హావభావాలతో అవి సాగుతాయి. అతని పార్టీ గుర్తు రెండు క్రాసులు. ఆంగ్లములో "డబుల్ క్రాస్" అంటే నమ్మకద్రోహము అనే అర్థము కూడా ఉన్నది. క్షౌరశాల కుర్చీలలో కూర్చున్న నియంతలిద్దరూ ఒకరికంటే ఒకరు ఎత్తులో ఉండాలని కుర్చీలను పైకి లేపుకుంటూ పోతారు. మరొక ప్రసిద్ధ సన్నివేశములో హింకెల్ భూగోళపు బుడగతో ఆడుతూ నాట్యము చేస్తాడు. చివరకు అది పగిలిపోతుంది. దీనికి హిట్లర్ అభిమానించిన వాగ్నర్ సంగీతమును వాడారు. అదే సంగీతము చిత్రము చివర హన్నా ఆశతో తల ఎత్తినప్పుడు కూడా వినిపిస్తుంది. నియంతకు, అతని బాధితునికి మధ్య కనబడే తేడా దుస్తులు మాత్రమేనని, గౌరవమంతా ఆ దుస్తులకే దక్కుతున్నదని ద్విపాత్రాభినయము ద్వారా చాప్లిన్ చూపాడు.

చివరి ప్రసంగము

వేదిక ఎక్కిన క్షురకుడు తనకు పాలకుడు కావాలని లేదని చెప్పి, మానవత్వము గురించి, ప్రజాస్వామ్యము గురించి కొన్ని నిమిషాల పాటు మాట్లాడతాడు. ఇందులో హాస్యము లేదు. ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయిన 1940 జూన్ నెలలోనే ఈ ప్రసంగమును చిత్రీకరించారు. ఇది హాస్యచిత్రములో ఇమడలేదని కొందరు విమర్శించారు. చిత్రము యొక్క ప్రాణము ఇదేనని మరికొందరి అభిప్రాయము.

విడుదల, ఆదరణ

1940 అక్టోబరు 15న న్యూయార్క్‌లో చిత్రము తొలిసారి ప్రదర్శింపబడింది. అప్పటికి బ్రిటన్ జర్మనీతో యుద్ధములో ఉండటంతో అక్కడ కూడా విడుదలై ప్రజాదరణ పొందింది. జర్మనీలోను, అది ఆక్రమించిన దేశాలలోను నిషేధింపబడింది. ఫ్రాంకో పాలించిన స్పెయిన్‌లో అతని మరణానంతరమే, 1976లో విడుదలయ్యింది. ఉత్తమ చిత్రము, ఉత్తమ నటుడు సహా ఐదు ఆస్కార్ ప్రతిపాదనలు లభించినా ఒక్క పురస్కారము కూడా రాలేదు. 1997లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో దీనికి స్థానము కల్పించారు.

నాజీ నిర్బంధ శిబిరాలలోని అసలు ఘోరాలు అప్పట్లో తెలిసి ఉంటే ఈ చిత్రమును తీయగలిగేవాడిని కానని చాప్లిన్ 1964లో ప్రచురించిన తన ఆత్మకథలో పేర్కొన్నాడు. చిత్రములోని నిర్బంధ శిబిరము కేవలము క్రమశిక్షణ కఠినముగా ఉండే జైలులా కనబడటానికి కారణము ఇదే. లక్షలాది మందిని చంపిన శిబిరాల సంగతి లోకమునకు పూర్తిగా తెలిసింది యుద్ధము ముగిసిన 1945లోనే.