చెమటకూ ర్యాంకులే!

గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసుల్లో ట్రెడ్‌మిల్ సవాళ్లు కొందరికి ఉత్సాహం, మరికొందరికి ఇబ్బంది. తప్పు పోటీది కాదు, అందరినీ ఒకే గాటన కట్టడంలో ఉంది

కోల్‌కతా వాసులకు పోటీ అంటే ప్రాణం. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడే రోజున నగరంలో మరో ఊసు ఉండదు. ఏషియన్ పెయింట్స్ 1985లో 'శారద్ సమ్మాన్' ప్రవేశపెట్టినప్పటి నుంచి దుర్గాపూజ మండపాలు కూడా బహుమతుల కోసం పోటీ పడుతున్నాయి. అలాంటి ఊళ్లో వ్యాయామం మాత్రం పోటీకి దూరంగా ఎందుకుంటుంది? రవీంద్ర సరోవర్ చుట్టూ తెల్లవారుజామున కబుర్లు చెప్పుకుంటూ నడిచే పెద్దలు ఒకవైపు ఉంటే, ఏసీ గదిలో పక్క ట్రెడ్‌మిల్ మీది అంకెను ఓరకంట చూస్తూ పరిగెత్తేవారు మరోవైపు ఉన్నారు.

సవాలు స్వరూపం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. నిర్ణీత సమయంలో ఎవరు ఎక్కువ దూరం వెళతారు? లేదా నిమిష నిమిషానికీ వాలు పెంచుతూ పోతే చివరిదాకా ఎవరు నిలుస్తారు? ఎదుటి గోడ మీది తెరపై పేర్లు, అంకెలు కనిపిస్తుంటాయి. చెవులదిరే సంగీతానికి ట్రైనర్ కేకలు తోడవుతాయి. 2010లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైన ఆరెంజ్‌థియరీ వంటి సంస్థలు క్లాసులో ప్రతి ఒక్కరి గుండె వేగాన్నీ రంగుల్లో తెరకెక్కించి ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాయి.

కోల్‌కతాలో ట్రెడ్‌మిల్‌కు ఆదరణ లభించడానికి కారణాలు వెతకనక్కర్లేదు. వేసవిలో ఉక్కపోత, ఆ తర్వాత వానలు, చలికాలంలో పొగమంచుతో కలిసిన కాలుష్యం. గడియాహాట్ లాంటి చోట్ల ఫుట్‌పాత్ మీద నడవడమే కష్టం, ఇక పరుగు సంగతి చెప్పేదేముంది? ఆకతాయి చూపుల బెడద లేకుండా పరిగెత్తాలనుకునే మహిళలకు జిమ్ ఓ వెసులుబాటు. అయితే ఉన్నచోటే గంటసేపు పరిగెత్తడం పరమ విసుగు. ఆ విసుగుకు విరుగుడే పందెం.

విరుగుడు పనిచేస్తుందనడానికి ఆధారాలూ ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 790 మంది విద్యార్థులతో 11 వారాలపాటు నిర్వహించి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, ఇతరుల హాజరును చూస్తూ పోటీపడిన బృందాలు మామూలు బృందం కన్నా 90 శాతం ఎక్కువగా వ్యాయామ తరగతులకు వచ్చాయి. పోటీ లేకుండా ఒకరినొకరు ప్రోత్సహించుకోవడానికే ఏర్పడిన బృందాలు బాగా వెనకబడ్డాయి. నలుగురూ కలిస్తే ఉత్సాహం దానంతటదే వస్తుందనుకునేవారికి ఇది మింగుడుపడని ఫలితమే.

కానీ పోటీ అందరి మీదా ఒకేలా పనిచేయదు. ఈ సంగతి 1898లోనే తేలింది. అమెరికన్ మనస్తత్వవేత్త నార్మన్ ట్రిప్లెట్ 40 మంది పిల్లల చేత చేపల గాలం రీలు తిప్పించి చూశారు. పక్కన పోటీదారు ఉన్నప్పుడు 20 మంది వేగం పుంజుకున్నారు. 10 మందిలో పెద్దగా తేడా లేదు. మిగిలిన 10 మంది కంగారుపడి మరింత వెనకబడ్డారు. నేటి ట్రెడ్‌మిల్ క్లాసులోనూ ఈ మూడు రకాలవారూ ఉంటారు. తెర మీద పేరు పైకి పాకితే రెక్కలొచ్చేవారితో పాటు, అట్టడుగున కనిపించాల్సి వస్తుందని ఆ రోజుకు క్లాసు ఎగ్గొట్టేవారు కూడా. క్లాసు అవసరం నిజానికి ఎక్కువగా ఉన్నది ఈ రెండో రకానికే.

యాదృచ్ఛికమే అయినా, బ్రిటన్‌లో జైలు ట్రెడ్‌మిల్‌కు చట్టం చెల్లుచీటీ రాసింది కూడా 1898లోనే. ఇంజనీరు విలియం క్యూబిట్ 1818లో రూపొందించిన ఆ చక్రం మెట్లను ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూనే ఉండేవారు. నాడు కఠిన శిక్షలో భాగమైనదే నేడు నెలనెలా ఫీజు కట్టి కొనుక్కునే సరదా. తేడా అల్లా ఒక్కటే, ఇష్టం. తెర మీది ర్యాంకు ఆ ఇష్టాన్ని మింగేసినప్పుడే చిక్కు.

ఇంతకన్నా పెద్ద చిక్కు గుండెతో. 2021 జనవరి 2న, అప్పటి బీసీసీఐ అధ్యక్షుడు సౌరవ్ గంగూలీ కోల్‌కతాలోని తన ఇంటి జిమ్‌లో ట్రెడ్‌మిల్ చేస్తుండగా ఛాతీలో ఇబ్బందికి, కళ్లు తిరగడానికి లోనయ్యారు. అప్పుడాయన వయసు 48. ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రి వైద్యులు మూడు రక్తనాళాల్లో అడ్డంకులు గుర్తించి ఒక స్టెంట్ వేశారు. అదే నెలాఖరున అపోలో ఆసుపత్రిలో మరో రెండు వేయాల్సి వచ్చింది. ఆయన ఎవరితోనూ పోటీపడలేదు. రక్తనాళాల పూడిక ఒక్క ఉదయంలో వచ్చేదీ కాదు. అయినా జీవితమంతా మైదానంలో గడిపిన మనిషికే తెలియని లోపం, పక్కవాడిని దాటాలన్న పంతంతో పరిగెత్తే సగటు ఉద్యోగిలో ఉంటే దాన్ని తెర కనిపెట్టలేదు కదా! దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, ఇతర ప్రాంతాల వారికన్నా దాదాపు ఆరేళ్లు ముందుగా వస్తోందని 2007లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది.

ఆసుపత్రిలో గుండె పనితీరు తేల్చే టీఎంటీ పరీక్ష కూడా ట్రెడ్‌మిల్ మీదే జరుగుతుంది. అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో వెల్లడించిన పద్ధతిలో మూడు నిమిషాలకోసారి వేగం, వాలు పెంచుతారు. అచ్చం జిమ్ సవాలు లాగే. అయితే అక్కడ ఛాతీకి ఈసీజీ తీగలు, పక్కన వైద్య సిబ్బంది ఉంటారు. రోగి ఆయాసంతో చాలంటే యంత్రం ఆపేస్తారు. క్లాసులో సరిగ్గా అదే క్షణంలో చప్పట్లు కొట్టి ఇంకొంచెం అంటారు.

అలాగని పోటీనే ఎత్తేయాలా? జవాబు కోల్‌కతా వ్యాయామశాలల చరిత్రలోనే ఉంది. ఈ నగరపు మల్లయోధుడు గోబర్ గుహ 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గెలిచింది లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్. 104 ఏళ్లు జీవించి 2016లో కన్నుమూసిన మనోహర్ ఆయిచ్ ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. ఆయన 1952లో మిస్టర్ యూనివర్స్ అయింది పొట్టివారి విభాగంలో. అంటే బరువును బట్టి ఒక పోటీ, ఎత్తును బట్టి మరో పోటీ. ఆ వర్గీకరణ వల్ల వారి ఘనతేమీ తగ్గలేదు. సరైన జోడీతో తలపడినప్పుడే గెలుపు గెలుపవుతుందని పాతతరం వస్తాదులకు తెలుసు.

ట్రెడ్‌మిల్ తెరకు ఈ విచక్షణ లేదు. సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్‌లో పనిచేసే పాతికేళ్ల ఇంజనీరు, మోకాళ్ల నొప్పులున్న యాభయ్యేళ్ల గృహిణి అందులో ఒకే జాబితా. పైగా ఆ అంకె కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. చేతులతో కడ్డీ పట్టుకుని పరిగెత్తితే శ్రమ తగ్గినా దూరం మాత్రం పూర్తిగా నమోదవుతుంది. గుండె వేగపు రంగులకు చాలాచోట్ల ఆధారమైన '220 నుంచి వయసు తీసివేత' సూత్రం సైతం సగటు లెక్కే. మనిషికీ మనిషికీ 10, 12 స్పందనల తేడా మామూలే.

పరిష్కారాలు ఖరీదైనవేమీ కావు. చేరే ముందు ఆరోగ్య వివరాల పత్రం నింపించడం, నలభై దాటినవారికి వైద్య సలహా అడగడం, పేరు తెర మీద కనిపించాలో వద్దో సభ్యులకే వదిలేయడం, పక్కవారితో కాక గత నెల తన అంకెతోనే పోటీ పెట్టడం. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఎర్ర బటన్ నొక్కి దిగిపోయిన వ్యక్తిని ఓడిపోయినట్లు చూడకపోవడం. ఆ బటన్‌ను యంత్రం మీద పెట్టింది నొక్కడానికే.