వేలిని కాచిన పొన్ను

నా కుడిచేతి చూపుడువేలి లోపలి వైపు తెల్లటి గీత ఒకటుంది. ముంజలు తినేసిన తాటిబుర్రలతో బండి కట్టుకుంటున్న ఒక వేసవిలో పడిందది. ఇరుసు పుల్ల దూర్చాలంటే బుర్రకు బెజ్జం పెట్టాలి. తిరునాళ్లలో కొన్న మడత చాకు మొనను బుర్రకు ఆనించి బలం కొద్దీ నొక్కాను. మొన దిగలేదు. చాకే మడత పడింది, పిడి పట్టుకున్న నా వేలి మీదికి. అమ్మమ్మ పసుపు అద్ది, గుడ్డపీలిక కట్టి, చాకును అటకెక్కించింది.

నాసిరకం చాకు కాబట్టి అలా జరిగిందని చాలాకాలం అనుకున్నాను. మడత కత్తి పుట్టినప్పటి నుంచీ దాని వెంటే ఉన్న చిక్కు అదని తరవాతెప్పుడో తెలిసింది. మామూలు కత్తికి బ్లేడు తోక పిడిలోకి దిగి గట్టిగా కూర్చుంటుంది. మడత చాకులో బ్లేడంతా ఒక్క చీల మీద వేలాడుతుంది. జామకాయ కోస్తున్నప్పుడు కాయ బ్లేడును పైకి నెడుతుంది. బ్లేడు వీపు పిడికి ఆనుకుని ఆగుతుంది కాబట్టి భయం లేదు. మొనతో పొడిచినా, వీపు మీద ఏదైనా తగిలినా మాత్రం ఒత్తిడి బ్లేడును మూసే వైపు తిరగవచ్చు. మొన చీలకు ఎనిమిది సెంటీమీటర్ల దూరాన ఉంటే, దాన్ని నిలబెట్టే రాపిడి చీల పక్కనే ఉంటుంది. గడ్డపార చివర పట్టుకుని బండను లేపినట్టు, అంత దూరం నుంచి వచ్చే కొద్దిపాటి తోపుడుకే ఆ రాపిడి ఓడిపోతుంది.

అడిగినప్పుడు తెరుచుకోవాలి, అడిగినప్పుడు మూసుకోవాలి, అడగనిదే మూసుకోకూడదు. ఈ మూడో మాటకు మనుషులు వెతుక్కున్న జవాబులే మడత చాకు జీవితకథ.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడత కత్తి వయసు దాదాపు 2500 ఏళ్లు. రోమన్లూ మడత కత్తులు వాడారు. మన దక్షిణాదిలో తాటాకు మీద రాసేవాళ్లకు ఆకును సమంగా కోసే కత్తినీ, గీసే గంటాన్నీ ఒకే పిడిలోకి మడిచే పనిముట్లు ఉండేవి. యూరప్‌లో ఈక కలం చెక్కుకునే చిన్న కత్తికి పెన్‌నైఫ్ అని పేరొచ్చింది. రాసేవాడికి ఎక్కడైనా ఓ కత్తి తోడు కావలసి వచ్చిందన్నమాట. పాతకాలపు మడత కత్తుల్లో చాలావాటికి ఆధారం చీల దగ్గరి బిగువూ, పట్టుకున్న చేతి జాగ్రత్తానే. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల పనివాళ్లు పిడి వీపులో ఉక్కు స్ప్రింగు పెట్టడం మొదలెట్టారు. ఆ స్ప్రింగు బ్లేడు మడమను అదిమి పడుతుంది. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ టక్కుమనే చాకులు అవే. వాటిది బెట్టే గాని తాళం కాదు, గట్టిగా నొక్కితే లొంగిపోతాయి. నా తిరునాళ్ల చాకు ఆ జాతిదే.

ఇక కథ ఆల్ప్స్ కొండల్లోకి వెళుతుంది. ఫ్రాన్స్‌లోని సావ్వా ప్రాంతంలో, సాన్ జాన్ ద మోరియెన్ పట్నానికి దగ్గర్లో జేవూదా అని చిన్న పల్లె. అక్కడ దానియెల్ ఒపినెల్ కొలిమిలో గొడ్డళ్లూ చెట్లు నరికే కత్తులూ తయారయ్యేవి. కొడుకు జోసెఫ్‌కు యంత్రాల పిచ్చి. కెమెరా కూడా సొంతంగా చేసుకుని, చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీశాడని చెబుతారు. 1890లో, 18 ఏళ్ల వయసులో, స్నేహితుల కోసం ఓ జేబు చాకు చేశాడు. చెక్క పిడి, ఉక్కు బ్లేడు, చీల, పిడి తల చీలిపోకుండా చుట్టూ ఒక లోహపు కట్టు. రోకలి చివర వేసే కట్టును మనం పొన్ను అంటాం. ఇదీ అదే. నగిషీ లేదు, స్ప్రింగు లేదు.

అందరూ అడగడం మొదలెట్టారు. ఒక్కో పిడికీ చేత్తో గాడి తీస్తూ కూర్చుంటే రోజుకు ఎన్ని అవుతాయి? జోసెఫ్ యంత్రాల పిచ్చి అక్కడ పనికొచ్చింది. పిడి చెక్కలో గాడి కోసే యంత్రాన్ని సొంతంగా రూపొందించాడు. రైతు కూలీ కూడా కొనుక్కోగల ధరకు చాకు దిగిందంటే ఇలాంటి యంత్రాల చలవే. 1897కల్లా 1 నుంచి 12 దాకా నంబర్లతో పన్నెండు సైజులు వచ్చాయి. ఒకటో నంబరు బ్లేడు 2 సెంటీమీటర్లు, పన్నెండోది 12. మరీ బుల్లిదైన ఒకటో నంబరూ, పదికీ పన్నెండుకీ మధ్య పెద్ద తేడా లేని పదకొండోదీ 1930లలో ఆగిపోయాయి. 1909లో బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి గుర్తు చేరింది. చెయ్యి సాన్ జాన్ పట్నం చిహ్నం నుంచి, కిరీటం పాత సావ్వా డచీ నుంచి వచ్చాయి. తరవాత కార్ఖానా షాంబెరీ పక్కకు మారింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి సుమారు 2 కోట్ల చాకులు అమ్ముడుపోయాయి.

అప్పటికీ అసలు చిక్కు తీరలేదు. అరవై ఏళ్లకు పైగా ఈ చాకూ రాపిడి మీదే నిలబడింది. 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ దానికి జవాబు చెప్పాడు. కొత్త స్ప్రింగులూ మీటలూ ఏవీ పెట్టలేదు. ఉన్న పొన్ను మీద ఇంకో పొన్ను తొడిగాడు, అంతే. ఫ్రెంచిలో పొన్నును విరోల్ అంటారు. అందుకే దానికి విరోబ్లాక్ అని పేరు.

చేతిలోకి తీసుకుని చూస్తే అది పనిచేసే తీరు ఇట్టే అర్థమవుతుంది. పై పొన్ను పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క చీలిక ఉంటుంది. ఆ చీలిక గాడికి ఎదురుగా ఉన్నప్పుడు బ్లేడు లేవనూ వచ్చు, పడుకోనూ వచ్చు. బ్లేడు తెరిచి, బొటనవేలితో పొన్నును పక్కకు తిప్పితే చీలిక తప్పుకుని, నిండు లోహం బ్లేడు దారికి అడ్డంగా నిలుస్తుంది. ఇక మూయాలంటే బ్లేడు ఆ లోహాన్ని చీల్చుకుని రావాలి. 2000లో మూసిన చాకునూ అదే పొన్నుతో బిగించే వీలు కల్పించారు. జేబులో దానంతటది తెరుచుకుంటుందన్న భయమూ పోయింది. పిడి, బ్లేడు, చీల, రెండు పొన్నులు: మొత్తం అయిదే భాగాలు. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, ఫ్రాన్స్‌లో ఒపినెల్ మామూలు నామవాచకమైపోయి 1989లో లరూస్ నిఘంటువుకెక్కింది.

లోపాలు లేవని కాదు. బీచ్ చెక్క పిడి తేమకు ఉబ్బుతుంది. మన కోస్తా ముసురులో అయితే బ్లేడు గాడిలో బిగుసుకుపోయి గోటికి లొంగదు. దానికి సావ్వా వాళ్ల కిటుకు ఒకటుంది. పొన్నును సడలించి, పిడి అడుగు కొసను బల్ల మీద టక్కున కొడితే బ్లేడు బయటికి తొంగిచూస్తుంది.

మరి నిత్యం జేబులో ఉండటానికి ఓ చిన్న చాకు కొనాలంటే? ఏ కంపెనీదైనా సరే, మొదట చూడాల్సింది తాళం. తెరిచి, బిగించి, వేళ్లను బ్లేడు దారిలో లేకుండా తప్పించి, వీపును మెల్లగా బల్లకు అదమండి. కదిలితే వద్దు. పక్కలకు ఊగినా వద్దే. తరవాత పొడవు. పండ్లు కోయడానికీ, పురికొస తెంపడానికీ, పార్సిళ్లు విప్పడానికీ ఏడెనిమిది సెంటీమీటర్లు చాలు. ఒపినెల్ ఎనిమిదో నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, బరువు 45 గ్రాములు. బ్లేడు మందంగా ఉంటే గట్టిదని మురిసిపోకండి. మందపు బ్లేడు కాయను కోయదు, చీలుస్తుంది.

మూడోది ఉక్కు. సుమారు 0.9 శాతం కార్బన్ ఉన్న ఉక్కు సులువుగా పదునెక్కుతుంది, కానీ తుప్పు పడుతుంది. ఇంతకన్నా ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కును మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసేవాళ్లు. దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. కార్బన్ ఉక్కుతో మామిడికాయ కోస్తే పాత కత్తిపీటలాగే నల్లబడుతుంది. నలుపుతో ప్రమాదం లేదు గాని తడి తుడవడం మరిచిపోతేనే తంటా. ఒపినెల్ స్టెయిన్‌లెస్ రకంలో కార్బన్ తక్కువ, క్రోమియం 13 శాతం పైన. తేమ ఊళ్లో, చెమట జేబులో అదే మేలు. సానరాయి లేకపోతే పింగాణీ కప్పును బోర్లించండి. అడుగున మెరుగులేని గరుకు అంచు మీద, వాలుగా పట్టి నాలుగుసార్లు లాగితే చాలు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం ఇల్లు, సేద్యం లాంటి పనులకు కాని కత్తి బ్లేడు 9 అంగుళాల పొడవు, లేదా 2 అంగుళాల వెడల్పు దాటితే అది ఆయుధాల లెక్కలోకి వస్తుంది. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద ఢిల్లీ లాంటి చోట్ల విడిగా ఆంక్షలున్నాయి. ఎంత చిన్నదైనా విమానంలో చేతిసంచిలో పెట్టుకోకూడదు, లగేజీలో వేయాల్సిందే.

మొన్నటి ఎండాకాలం మా అక్క మనవడు తాటిబుర్రలు ముందేసుకుని వచ్చి, "తాతా, ఒకసారి నీ చాకియ్యవా" అన్నాడు. నా ఒపినెల్ ఇచ్చాను. తెరిచాడు, మొనను బుర్రకు ఆనించాడు. పొన్ను తిప్పలేదు. మార్సెల్ తాళానికున్న ఒకే ఒక్క లోటు అది: దానంతటది పడదు, చెయ్యి గుర్తుపెట్టుకోవాలి. వాడి మణికట్టు పట్టుకుని ఆపి, నా వేలి మీది తెల్లగీత చూపించాను. కాసేపు దాన్నే చూశాడు. తరవాత బొటనవేలితో పొన్నును బిగుసుకునేదాకా తిప్పి, బుర్రకు బెజ్జం పెట్టాడు.